మినుము వేరు మీద గులాబీ బుడిపె

శ్రోతలకు నమస్కారం.

తెనాలి, రేపల్లె వైపు వరి మాగాణుల్లో మినుము మొలిచి నెల రోజులైందనుకోండి. ఒక్క మొక్కను తీసి చూద్దాం. పీకొద్దు. పీకితే మనం చూడాల్సింది మట్టిలోనే తెగి ఉండిపోతుంది. పారతో జానెడు లోతున మట్టిగడ్డతో సహా లేపి, బకెట్ నీళ్లలో పావుగంట ఉంచండి. మట్టి దానంతటదే జారిపోతుంది. అప్పుడు వేళ్ల మీద ఆవగింజంతవి, మిరియమంతవి బుడిపెలు కనిపిస్తాయి. రుద్దితే ఊడొస్తాయి. ఊడకుండా వేరే ఉబ్బిపోయి ఉంటే అది నులిపురుగు పని, దాని సంగతి వేరు.

ఒక బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగు ఉందా? అది పనిలో ఉన్న బుడిపె. తెల్లగా ఉంటే ఇంకా పని మొదలెట్టలేదు, లేదా పని చేయని రకం బ్యాక్టీరియా చేరింది. ఆకుపచ్చగా మారితే దాని పని అయిపోయింది.

ఆ గులాబీ రంగు లెగ్‌హీమోగ్లోబిన్‌ది. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు చుట్టం. గాలిలో 78 శాతం నత్రజనే ఉన్నా మొక్క దాన్ని నేరుగా వాడుకోలేదు. బుడిపెలోని రైజోబియం అనే బ్యాక్టీరియా దాన్ని అమ్మోనియాగా మారుస్తుంది. ఆ మార్చే ఎంజైము ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. చిక్కేమిటంటే బ్యాక్టీరియాకు ఊపిరికి ఆక్సిజన్ కావాలి. అందుకే ఈ ఎర్ర పదార్థం ఆక్సిజన్‌ను పట్టుకుని, కొంచెం కొంచెంగా అందిస్తుంది. బదులుగా మొక్క ఆకుల్లో వండిన చక్కెరను కిందికి పంపుతుంది. 1888లో డచ్ శాస్త్రవేత్త బైయరింక్ ఈ బ్యాక్టీరియాను బుడిపెల్లోంచి వేరుచేసి పెంచాడు. చరిత్ర ఇవాళ్టికి అంతే చాలు.

మొక్క కాస్త పాలిపోయిందని గుప్పెడు యూరియా చల్లేస్తుంటారు. నేలలో నత్రజని తేరగా దొరికితే మొక్క చక్కెర పెట్టి బుడిపెలను ఎందుకు పోషిస్తుంది? పోషించదు. బుడిపెలు తగ్గిపోతాయి. ఆ యూరియా ఖర్చు నా లెక్కలో రెండుసార్లు నష్టం.

ఇక మాగాణి మినుముకు ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. వరికి నెలల తరబడి నీళ్లు నిలిచిన నేలలో రైజోబియం సంఖ్య పడిపోతుంది. అందుకే విత్తనానికి పట్టించి చల్లటం మంచిది. ఎకరాకు 16 కిలోల విత్తనం అనుకుంటే, 200 గ్రాముల రైజోబియం పొడి ప్యాకెట్లు రెండు. 200 మిల్లీలీటర్ల నీళ్లలో 20 గ్రాముల బెల్లం వేసి పది నిమిషాలు మరగనిచ్చి చల్లార్చండి. పూర్తిగా చల్లారాలి. మళ్లీ చెబుతున్నా, పూర్తిగా చల్లారాలి. వేడిగా ఉన్నప్పుడే తొందరపడి కలిపితే బ్యాక్టీరియా చచ్చిపోతుంది, నల్లపొడి మాత్రం గింజకు చక్కగా అంటుకుంటుంది, మనకు తేడా తెలియదు. పట్టా మీద పోసిన విత్తనాలపై ఆ పాకం చిలకరించి, పొడి చల్లి, గింజగింజకూ అంటేలా చేత్తో మెల్లగా కలపండి. నీడలోనే ఆరబెట్టండి.

విత్తనశుద్ధి మందులు కూడా వాడుతుంటే వరస ముఖ్యం. ముందు తెగులు మందు, ఆరాక పురుగుమందు, అదీ ఆరాక అన్నిటికన్నా చివర రైజోబియం. చల్లే రోజునే, చల్లబోయే ముందే. వరస తిరగబడితే తెగులు మందు పొర నేరుగా బ్యాక్టీరియా మీదే పడుతుంది.

ప్యాకెట్ కొనేటప్పుడు రెండు చూడండి: మినుముకు అని రాసి ఉందా, గడువు ఉందా. శనగకు పనిచేసే రకం మినుముకు పనిచేయదు. కొన్నాక ఎండలో, బండి డిక్కీలో పెట్టి ఊరంతా తిప్పకండి. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, పైరు నిలబడి ఉండగానే, సాయంత్రం పూట మినుము చల్లండి. వరి నీడే ఆ గింజలకు గొడుగు.