మొదటి పది పేర్లు: మాక్ డ్రాఫ్ట్ రాసేవారితో కొన్ని మాటలు

(డాలస్ ప్రాంతంలోని ఒక తెలుగు సంఘం శనివారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, టిఫిన్లు చల్లారిపోతున్నా ఓపిగ్గా కూర్చున్న పెద్దలకు, ముందు వరుసలో మన డాలస్ జట్టు కౌబాయ్స్ జెర్సీలతో వచ్చిన పిల్లలకు నమస్కారం. పరిచయంలో నా గురించి చెప్పినవాటిలో సగం కొట్టేయండి. మిగతా మర్యాదలు చివర్లో టైముంటే చూద్దాం.

అంశం ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ జట్లు కాలేజీ కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట, మొదటి పదిమందిని ముందే ఊహించడం. అలా ఊహించి రాసిన జాబితానే మాక్ డ్రాఫ్ట్ అంటారు. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. "ఎవరు బాగా ఆడతారు?" అన్నది ఒక ప్రశ్న. "ఈ జట్టు ఎవర్ని తీసుకుంటుంది?" అన్నది వేరే ప్రశ్న. మాక్ డ్రాఫ్ట్ రెండోదానికి జవాబు. వందమందిలో తొంభైమంది మొదటిదానికి జవాబు రాసి, రెండోదానికి మార్కులు వెయ్యమంటారు. నా కడుపుమంటంతా అక్కడే.

ఆట కొత్తయిన అమ్మానాన్నల కోసం ఒక్క మాట. మన ఎంసెట్ కౌన్సెలింగ్‌లో మంచి ర్యాంకు వాడు ముందు సీటు ఎంచుకుంటాడు కదా, ఇక్కడ తిరగేసి చూడండి. చిత్తుగా ఓడిన జట్టు ముందు ఎంచుకుంటుంది. ప్లేఆఫ్స్‌కి, అంటే నాకౌట్ దశకి, చేరని 18 జట్లు మొదట, ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచిన జట్టు 32వది. ఆ వంతు నంబరునే పిక్ అంటారు, అందరి వంతూ అయితే ఒక రౌండ్. గెలుపోటములు సమానమైతే, బలహీనమైన ప్రత్యర్థులతో ఆడిన జట్టుకే ముందు నంబరు. తేలికైన వాళ్లతో ఆడి కూడా ఓడిందంటే దానికే అవసరం ఎక్కువని లెక్క.

కాగితం మీద మొదట రాయాల్సింది ఆటగాళ్ల పేర్లు కాదు, 1 నుంచి 10 దాకా ఆ నంబరు ఇవాళ ఎవరి చేతిలో ఉందో. నిరుటి పట్టిక చూసి రాస్తే కుదరదు, నంబర్లు చేతులు మారుతుంటాయి. తరవాత మార్చి నెల. ఒప్పందం ముగిసిన ఆటగాళ్లను తీసుకునే ఫ్రీ ఏజెన్సీ మార్చి మధ్యలో మొదలవుతుంది, జట్లు డబ్బు పెట్టి ఖాళీలు పూడ్చుకుంటాయి. అందుకే జనవరిలో రాసిన మాక్ జనవరిలోనే పారేయాలి.

అయితే ఖాళీల జాబితా ఒక్కటే పట్టుకున్నా మునుగుతారు. 2024 మార్చిలో అట్లాంటా ఫాల్కన్స్ కర్క్ కజిన్స్‌తో నాలుగేళ్లకు 18 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. క్వార్టర్‌బ్యాక్, అంటే ఆట నడిపి బంతి విసిరేవాడి గడి నిండిందని అందరూ టిక్కు పెట్టేశారు. ఏప్రిల్‌లో అదే జట్టు 8వ పిక్‌తో ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ని, మైకేల్ పెనిక్స్‌ని తీసుకుంది. ఆ ఏడు మొదటి 12 పిక్‌లలో ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు. డిఫెన్స్ ఆటగాడి పేరు వినడానికి 15వ పిక్ దాకా ఆగాల్సి వచ్చింది.

ఎందుకిలా? జీతాలు చూడండి. 2010లో మొదటి పిక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్ల ఒప్పందం, అందులో 5 కోట్లు గ్యారంటీ. 2011లో కొత్త కార్మిక ఒప్పందం వచ్చింది, కొత్త ఆటగాళ్ల జీతాలకు కట్టుబాటు పెట్టారు. ఆ ఏడు మొదటి పిక్ క్యామ్ న్యూటన్‌కి నాలుగేళ్లకు దాదాపు 2.2 కోట్లు. క్వార్టర్‌బ్యాక్ కుదిరితే నాలుగేళ్లు చవగ్గా వస్తాడు, మొదటి రౌండ్ వాడైతే ఐదో ఏడాది ఆప్షన్ కూడా జట్టు చేతిలోనే. తప్పు మనిషిని తీసుకున్నా ఖజానా ఖాళీ కాదు. 2020 నుంచి 2025 దాకా ఆరు మొదటి పిక్‌లలో ఐదుగురు క్వార్టర్‌బ్యాక్‌లే. 2022లో ట్రేవాన్ వాకర్ ఒక్కడే వేరు. కాబట్టి మీ జాబితాలో క్వార్టర్‌బ్యాక్‌ని మీకు న్యాయమనిపించిన చోటు కంటే పైకి జరపండి.

ఇక ట్రేడ్లు, అంటే జట్లు పిక్‌లు ఇచ్చిపుచ్చుకోవడం. పిల్లలూ, ఇది రాసుకోండి. 1990ల మొదట్లో మన కౌబాయ్స్ కోచ్ జిమ్మీ జాన్సన్ హయాంలో ఏ పిక్ విలువ ఎన్ని పాయింట్లో చెప్పే ఒక పట్టిక తయారైంది. ఒకటో పిక్ 3000, రెండు 2600, మూడు 2200, ఐదు 1700, పది 1300, పన్నెండు 1200, ముప్ఫైమూడు 580. ఇప్పుడు కొత్త పట్టికలు చాలా ఉన్నాయి గానీ బేరం ఏ మేరకు సాధ్యమో చూడ్డానికి ఇది చాలు. 2025లో జాక్సన్‌విల్ జాగ్వార్స్ ఐదు నుంచి రెండుకి ఎక్కి ట్రావిస్ హంటర్‌ని తీసుకుంది. తేడా 900. క్లీవ్‌లాండ్‌కి 36వ పిక్ ఇచ్చింది, అది 540. ఇంకా 360 కావాలి. మరుసటి ఏడాది మొదటి రౌండ్ పిక్ ఇచ్చింది. రాబోయే ఏడాది పిక్‌ని ఒక రౌండ్ దించి, అంటే రెండో రౌండ్ మధ్య పిక్‌గా, సుమారు 420 కింద లెక్కేస్తారు. చిన్న పిక్‌లు అటూ ఇటూ మారి సరిపోయాయి. మీరు ట్రేడ్ ఊహిస్తే ఇలా కూడి చూడండి. కూడకుండా "ఫలానా జట్టు పైకెక్కుతుంది" అని రాసేస్తే అది కోరిక మాత్రమే.

పైకెక్కడం అనగానే 2021 గుర్తొస్తుంది. దీని గురించి చెప్పకుండా నేను దిగను.

ఆ ఏడు మార్చి 26న శాన్ ఫ్రాన్సిస్కో 12వ పిక్‌తో పాటు 2022, 2023 మొదటి రౌండ్ పిక్‌లు, ఒక మూడో రౌండ్ పిక్ మయామీకి ఇచ్చి మూడో పిక్ కొనుక్కుంది. మొదటి రెండు పేర్లు, ట్రెవర్ లారెన్స్, జాక్ విల్సన్, అప్పటికే దాదాపు ఖాయం. మిగిలింది ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లు: మ్యాక్ జోన్స్, జస్టిన్ ఫీల్డ్స్, ట్రే లాన్స్. నాలుగు రోజులకు, మార్చి 30న, ఒకే రోజు జోన్స్ కాలేజీ అలబామాలోనూ, ఫీల్డ్స్ కాలేజీ ఒహాయో స్టేట్‌లోనూ ప్రో డే, అంటే కుర్రాళ్లు జట్ల ముందు సత్తా చూపే రోజు. కోచ్ కైల్ షానహాన్, జనరల్ మేనేజర్ జాన్ లించ్ ఇద్దరూ అలబామా వెళ్లారు. అంతే! మ్యాక్ జోన్సే అని దేశమంతా మోగిపోయింది. నెల రోజులు అదే పాట. ఒకరు రాసింది చూసి ఇంకొకరు, ఆ ఇద్దరినీ చూసి పందాలవాళ్లు, పందాల రేటు చూసి మళ్లీ మొదటివారు. పదిమంది చెప్పారంటే పది సాక్ష్యాలనుకున్నాం. అక్కడున్నది ఒకే ఒక్క విమాన ప్రయాణం.

తీసుకున్నది ట్రే లాన్స్‌ని. 2020 సీజన్‌లో ఒక్క మ్యాచ్ ఆడిన కుర్రాడు! ఫీల్డ్స్ 11వ పిక్‌లో చికాగోకి వెళ్లాడు. మ్యాక్ జోన్స్ 15 దాకా కూర్చున్నాడు, న్యూ ఇంగ్లండ్ ఎవరికీ ఏమీ ఇవ్వకుండా ఉన్నచోటే తీసుకుంది.

విమానం కాదండీ, ధర చూడాల్సింది. ప్రో డేకి వెళ్లడానికి టికెట్ ఖర్చే. మూడు మొదటి రౌండ్ పిక్‌లు పెట్టడం అంటే ఒళ్లు కోసివ్వడం. అంత పెట్టేవాడు నిలకడైన ఆటగాడి కోసం పెడతాడా, ఆకాశమే హద్దనిపించే కుర్రాడి కోసం పెడతాడా? అప్పట్లో ఆ ప్రశ్న వేసుకున్నవారు చాలా తక్కువ. తరవాత లాన్స్ అక్కడ నాలుగు మ్యాచ్‌లే మొదలుపెట్టి, 2023 ఆగస్టులో ఒక నాలుగో రౌండ్ పిక్‌కి మన డాలస్‌కే వచ్చాడు. ఎంపిక బాగోలేదు కదా అంటారా? అది మొదటి ప్రశ్న. మన పని రెండోది.

అధ్యక్షుల వారు చీటీ పంపారు, ఐదు నిమిషాలట. సరే.

2021 డ్రాఫ్ట్ రాత్రి ఇంకా అయిపోలేదు. చాలా మాక్‌లు కౌబాయ్స్‌కి పదిలో కార్నర్‌బ్యాక్‌ని, అంటే ఎదుటివాళ్ల పాస్‌లు అడ్డుకునే డిఫెన్స్ ఆటగాడిని రాశాయి. ఎనిమిదిలో జేసీ హార్న్, తొమ్మిదిలో పాట్రిక్ సర్టెయిన్, ఆ ఇద్దరు కార్నర్‌బ్యాక్‌లూ వెళ్లిపోయారు. డాలస్ పదిని ఫిలడెల్ఫియాకి ఇచ్చి, 12తో పాటు 84వ పిక్ రాబట్టుకుని, మైకా పార్సన్స్‌ని తీసుకుంది. పైన ఇద్దరు కదిలితే కింద గడి మొత్తం మారింది. లెక్క చూడండి. ఒక్కో పిక్ మీద మీకు 70 శాతం నమ్మకం ఉందనుకుందాం, అదే చాలా ఎక్కువ. వరసగా ఐదూ సరిపోయే అవకాశం 17 శాతం కూడా లేదు. పైన ఒకటి తప్పితే కిందివాటి మీద నమ్మకం ఇంకా పడిపోతుంది. అందుకే ప్రతి గడిలో రెండు పేర్లు రాయమంటాను: ఇతను ఉంటే ఇతను, లేకపోతే ఫలానా.

ఏప్రిల్ పుకార్ల సంగతి త్వరగా ముగిస్తాను. 2023లో డ్రాఫ్ట్‌కి ముందు ఇంటర్నెట్‌లో ఎవరో పేరు లేని మనిషి రాసిన ముక్కతో విల్ లెవిస్ మొదటి పిక్ పందాల్లో రెండో స్థానానికి ఎగబాకాడు. మొదటి రౌండ్‌లో అతన్ని ఎవరూ పిలవలేదు, 33వ పిక్ అయ్యాడు. 2022లో మొదటి రౌండ్ ఖాయమన్న మాలిక్ విల్లిస్ 86. 2025లో షెడ్యూర్ శాండర్స్ 144. వార్త వస్తే ముందు ఒకటి అడగండి: ఇది నమ్మితే ఎవరికి లాభం? ఏజెంటుకా, తన నంబరు అమ్ముకోవాలనుకునే జట్టుకా?

సంఘం పోటీ నియమాలు చెప్పి దిగుతాను. పేరు మొదటి పదిలో ఉంటే 1 మార్కు, జట్టు కూడా కలిస్తే ఇంకో 2. ట్రేడ్ రాస్తే పక్కన కూడిక చూపించాలి. ఒక్కరికి ఒక్క కాగితమే. పది రకాలుగా రాసి, కలిసినదాన్ని తెల్లారి ఊపుకుంటూ తిరగడం ఇక్కడ కుదరదు. డ్రాఫ్ట్ గురువారం సాయంత్రం మన టైము 7కి మొదలు, కాగితాలు 6 లోపు పెట్టెలో పడాలి. వేదిక మీద పేరు పిలవకముందే ఫోన్లలో వచ్చేస్తుంది కాబట్టి ఆ తరవాత తీసుకోం. ఎర్ర చొక్కా బాబూ, నీది పెన్సిల్‌తో ఉంది, పెన్నుతో రాసి తీసుకురా.