పక్క తలుపు తాళం

పాస్టరు గారికి, సంఘ పెద్దలకు, ఒడియా ఆరాధన ముగిశాక కూడా మా కోసం ఆగిన వాళ్లకు వందనాలు. ఇంకా పేర్లు చదువుతూ పోతే అవతల భోజనాలు చల్లారిపోతాయి.

పాత చర్చి కట్టడాల చరిత్ర చెప్పమన్నారు. మద్రాసు కోటలో సెయింట్ మేరీస్ చర్చి ఉంది. ఇప్పుడు ఒడిశాలో ఉన్నా, 1936 దాకా మన బరంపురమూ మద్రాసు ప్రెసిడెన్సీలోదే కాబట్టి అది మనకు పరాయిది కాదు. 1680లో ప్రతిష్ఠ జరిగింది. గోడలు 4 అడుగుల మందం. ఫిరంగి గుండ్లకు తట్టుకునేలా పైకప్పును కమాను తిప్పి కట్టారు. 1753లో ఈస్టిండియా కంపెనీ రాబర్ట్ క్లైవు పెళ్లి అక్కడే. 1758-59లో ఫ్రెంచివాళ్లు కోటను ముట్టడించినప్పుడు ఆ కప్పు నిలబడింది. హైదర్ అలీతో యుద్ధం వచ్చినప్పుడు లోపల ధాన్యం నిల్వ చేశారు. బస్తాలు పెట్టారని దేవుడేమైనా అలిగాడా? ఇప్పటికీ అక్కడ ఆరాధన జరుగుతోంది.

మన చర్చి అంత పాతదీ కాదు, అంత గట్టిదీ కాదు. అయినా 2013 అక్టోబరు 12 రాత్రి, గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుపాను తీరం దాటినప్పుడు, ఈ వీధంతా ఇక్కడే తలదాచుకుంది. మీలో సగం మంది ఉన్నారు. బెంచీలన్నీ గోడకు జరిపాం. తడిసిన పరుపులు, స్టవ్వులు, పసిపిల్లలు. ఎవరిదో మేక కూడా వచ్చింది. తెల్లారేసరికి అది తెలుగు పాటల పుస్తకం అట్ట నమిలేసింది. ఒడియా పుస్తకం పక్కనే ఉన్నా ముట్టలేదు. నవ్వకండి, ఆ మాత్రం భాషాభిమానం ఈ ఊళ్లో ఇంకెవరికుంది?

ఏం బాబూ, టైమైందా? కూర్చో. అసలు సంగతి ఇప్పుడే మొదలైంది.

పక్క వరండాలో సాయంత్రం పూట తెలుగు చెప్పేవాళ్లం. ఇళ్లలో తెలుగు మాట్లాడి బడిలో ఒడియా చదివే పిల్లలు వాళ్లు. తాతగారి ఉత్తరం చదవలేరు. శ్రీకాకుళంలో బస్సు బోర్డు చదవలేరు. గోడలకు రంగు వేశాక కమిటీ తలుపుకు తాళం వేసింది. చెప్పుల మట్టి అంటుతుందట! కట్టడాన్ని కాపాడుతున్నారట! అయ్యా, పెళ్లి భోజనాలకు అదే వరండా ఇస్తున్నారు కదా. సాంబారు మరకకు లేని అభ్యంతరం పలక బలపానికి ఎందుకు?

కమిటీ వాళ్లు ముందు వరుసలోనే ఉన్నారు, నాకు కనిపిస్తున్నారు. తాళం చెవి ఇప్పుడే ఇప్పించండి. సోమవారం సాయంత్రం 6 గంటలకు క్లాసు పెడతాం. నల్లబల్ల గోడౌన్‌లో పడి ఉంది, బరువు, నా ఒక్కడి వల్ల కాదు. మోయడానికి ఇద్దరు కుర్రాళ్లు కావాలి. ఎవరొస్తారు? చేతులెత్తండి.