ఆ రెక్కను తిప్పేది ఆయిలే

శ్రోతలకు నమస్కారం.

రోడ్డు మీద మన ముందు వెళ్లే కార్ల వెనక తలుపు మీద వీవీటీ అనో, వీటీవీటీ అనో, ఐ-వీటెక్ అనో అక్షరాలు కనిపిస్తుంటాయి. మారుతి ఒక పేరు పెట్టుకుంది, హ్యుందాయ్ ఇంకొకటి, హోండా మరొకటి. అన్నిటి వెనకా ఉన్న ఆలోచన ఒకటే. ఇంజిన్ వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలి, ఎప్పుడు మూసుకోవాలి అన్నది ఎప్పటికీ ఒకేలా ఉండకూడదు, వేగాన్ని బట్టి మారాలి. ఈ పూట దాని గురించే మాట్లాడతాను. కారున్న వాళ్లందరికీ పనికొచ్చే విషయం కూడా ఇందులో ఉంది.

అసలు మార్చాల్సిన అవసరం ఏమొచ్చింది? సిగ్నల్ దగ్గర కారు ఆగి ఉంది. ఇంజిన్ నిమిషానికి ఓ 800 చుట్లు తిరుగుతోంది. అప్పుడు గాలి లోపలికొచ్చే వాల్వు ఒకసారి తెరుచుకుని మూసుకోవడానికి సుమారు సెకనులో ఇరవయ్యో వంతు పడుతుంది. అదే హైవే మీద లారీని దాటాలని గట్టిగా తొక్కారు, 6000 చుట్లకు వెళ్లారు. ఆ వాల్వు ఇప్పుడు సెకనుకు 50 సార్లు తెరుచుకోవాలి. తెరుచుకున్న ప్రతిసారీ దానికి దొరికే సమయం సెకనులో నూటయాభయ్యో వంతు. అంతే!

గాలికి బరువుంటుంది. కదిలే గాలికి ఊపుంటుంది. ఇంజిన్ జోరు మీద ఉన్నప్పుడు పైపులోంచి దూసుకొచ్చే గాలి, పిస్టన్ అడుక్కి చేరి మళ్లీ పైకి లేస్తున్నా సరే, ఆ ఊపుతో లోపలికి వస్తూనే ఉంటుంది. అందుకని వాల్వును కాస్త ఆలస్యంగా మూస్తే ఇంకాస్త గాలి దక్కుతుంది, దానితోపాటే బలమూ పెరుగుతుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ ఊపు ఉండదు. అప్పుడు కూడా ఆలస్యంగానే మూస్తే, పీల్చుకున్న గాలినే పిస్టన్ వెనక్కి తోసేస్తుంది. పికప్ పడిపోతుంది. అంటే జోరులో మేలు చేసేదే నెమ్మదిలో చెరుపు చేస్తుందన్నమాట.

వాల్వులను తెరిచేది క్యామ్‌షాఫ్ట్ అనే తిరిగే కడ్డీ. దాని మీద ఉబ్బెత్తుగా ఉండే క్యామ్‌లు ఎలా చెక్కి ఉంటే వాల్వులు అలాగే ఆడతాయి. కాబట్టి పాత ఇంజిన్లు తయారుచేసిన వాళ్లు ఏదో ఒకటి వదులుకోవాల్సి వచ్చేది. ఊళ్లో సాఫీగా నడవాలా, హైవే మీద పరిగెత్తాలా? 1980లోనే ఇటలీ కంపెనీ ఆల్ఫా రోమియో తన స్పైడర్ కారులో ఈ చిక్కుకు ఒక దారి చూపించింది. కానీ నాకు బాగా ఇష్టమైన కథ మాత్రం జపాన్‌ది.

1980లలో హోండా కంపెనీలో ఇకువో కాజితాని అనే ఇంజినీరు ఒక కొత్త ఇంజిన్ మీద పనిచేస్తున్నారు. అప్పట్లో మామూలు కార్ల ఇంజిన్లు లీటరుకు 70, 80 హార్స్‌పవర్ ఇస్తే గొప్ప. లీటరంటే పెట్రోలు కాదు, సిలిండర్లలో ఉండే చోటు. ఆయన బృందం 90 లక్ష్యంగా పెట్టుకుంది. పరిశోధన విభాగం అధిపతి నొబుహికో కవామోటో అది చాలదన్నారు, లీటరుకు 100 కావాలన్నారు. గాలిని బలవంతంగా లోపలికి నెట్టే టర్బో లేకుండా, రోజూ ఆఫీసుకు వెళ్లే కారులో! ఆ మాట విన్న ఇంజినీర్లకు ఎంత టెన్షన్ పుట్టి ఉంటుందో ఊహించండి.

వాళ్లు చేసింది వినండి. ఒక సిలిండర్‌లో గాలి లోపలికి రావడానికి రెండు వాల్వులు ఉన్నాయి. రెండిటికి రెండు క్యామ్‌లు చాలు. వాళ్లు మూడు పెట్టారు. అటూ ఇటూ ఉన్నవి చిన్నవి, నెమ్మది నడకకు. నడిమిది పెద్దది, జోరుకు. మూడింటి కిందా మూడు రాకర్లు, అంటే క్యామ్ తోపును వాల్వుకు అందించే చిన్న మీటలు. ఇంజిన్ నెమ్మదిగా తిరిగినంతసేపూ పెద్ద క్యామ్ తన రాకర్‌ను ఊరికే ఆడిస్తుంటుంది. వాల్వులకు ఆ సంగతే తెలియదు. వేగం సుమారు 5000 చుట్లు దాటగానే రాకర్లలోని రంధ్రాల గుండా చిన్న పిన్నులు జరుగుతాయి, మూడు రాకర్లూ ఒక్కటిగా బిగుసుకుంటాయి. ఇక నడిమి క్యామ్‌దే పెత్తనం. వాల్వులు ఇంకా లోతుగా, ఇంకా ఎక్కువసేపు తెరుచుకుంటాయి. 1989 ఏప్రిల్‌లో ఇంటెగ్రా కారులో ఆ ఇంజిన్ బయటికొచ్చింది. 1.6 లీటర్లు, 160 హార్స్‌పవర్. కవామోటో అడిగిన వంద వచ్చేసింది.

మరి ఆ పిన్నులను జరిపింది ఎవరు? మోటారు కాదు, తీగ కాదు. ఇంజిన్‌లో ఎప్పుడూ ఉండే ఆయిలే, దాని ఒత్తిడే.

ఇవాళ మన కార్లలో ఎక్కువగా ఉండేది ఇంకో రకం. క్యామ్‌లను మార్చదు, క్యామ్‌షాఫ్ట్‌నే కాస్త ముందుకో వెనక్కో తిప్పుతుంది. ఆటోనగర్ షెడ్డులో ఒక మెకానిక్ దాన్ని విప్పి చూపించారు. అరచేతిలో పట్టేంత చక్రం. పై డొల్లకు పళ్లున్నాయి, ఇంజిన్ తిరుగుడును పైకి అందించే టైమింగ్ చైన్ తిప్పేది ఆ డొల్లనే. లోపల రెక్కలున్న ఇంకో ముక్క, అది క్యామ్‌షాఫ్ట్‌కు బిగించి ఉంటుంది. రెక్కలకు అటూ ఇటూ ఖాళీ గదులు. ఒక వైపు గదిలోకి ఆయిల్ వస్తే రెక్క ముందుకు జరుగుతుంది, వాల్వులు ముందే తెరుచుకుంటాయి. రెండో వైపు వస్తే వెనక్కి జరుగుతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆ రెక్కను పట్టుకుని ఉండేదీ ఆయిలే, జరిపేదీ ఆయిలే. ఏ వైపుకు ఎంత పంపాలో కంప్యూటర్ లెక్క కట్టి, ఆయిల్ దారిని మార్చే ఇంకో చిన్న వాల్వుకు చెబుతుంది. ఆ వాల్వును కూడా నా చేతిలో పెట్టారు. బొటనవేలంత ఉంది. దాని మీద సన్నటి జాలీ, జాలీ నిండా నల్లటి జిడ్డు. "సార్, ఇది మూసుకుపోయిందంటే ఇంక ఏ టెక్నాలజీ పనిచెయ్యదు" అన్నారాయన.

ఈ ప్రసంగంలో మీరు గుర్తుపెట్టుకోవాల్సింది అదే. ఆయిల్ అంటే అరుగుదల తగ్గించేది మాత్రమే అనుకుంటాం. ఈ ఇంజిన్లలో ఆయిల్ పనివాడు కూడా. అది మడ్డి కడితే రెక్క జరగాల్సినప్పుడు జరగదు. బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ వణుకుతుంది, మైలేజీ తగ్గుతుంది, చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది.

"మా కారు ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు కూడా తిరగదు, ఆయిల్ ఎందుకు మార్చాలి?" అనేవాళ్లు చాలామంది ఉన్నారు. మార్చాలండీ. చాలా పెట్రోల్ కార్లకు కంపెనీ చెప్పేది 10,000 కిలోమీటర్లు లేదా ఒక ఏడాది, ఏది ముందైతే అది. కూరగాయల మార్కెట్‌కు వెళ్లి వచ్చే కారులో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. తేమ, పెట్రోలు ఆయిల్‌లో కలిసి అలాగే ఉండిపోతాయి. తక్కువ తిరిగే కారుకే ఏడాది లెక్క ముఖ్యం. కారు పాతబడింది కదా అని చిక్కటి ఆయిల్ పోయించకండి. మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20 అనే పలచటి రకం రాసి ఉంటే అదే పోయించండి. ఆ సన్నటి దారులన్నీ ఆ పలచదనానికి లెక్క వేసి చేసినవే.

సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్తుంటే ఇంజిన్ ముందే వేడి చేసి ఉంచొద్దని చెప్పండి. మీ ఎదురుగా చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయించండి. మొదటి రెండు మూడు సెకన్లు ముందువైపు కడకడమని చప్పుడొస్తే, ఆ చక్రాన్ని, చైన్‌ను మెకానిక్‌కు చూపించాకే బేరం మాట్లాడండి. ఆయిల్ మార్చిన బిల్లులు కూడా అడగండి.