ఇంట్లో ఉన్నదే సామాను

(విశాఖపట్నంలో ఒక కాలనీ మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. కార్తీక మాసం పూజలు, ఉపవాసాలు ఇంకా పూర్తికాకుండానే ఇంతమంది వచ్చారు, చాలా సంతోషంగా ఉంది. రేపో మాపో మార్గశిరం వస్తుంది. కనకమహాలక్ష్మి అమ్మవారి గురువారాలు, ఆ వెంటనే పెద్దపండుగ, బొమ్మల కొలువులు, పేరంటాలు. ఇచ్చిపుచ్చుకోవడాలు ఎక్కువగా ఉండే రోజులు కాబట్టి, ఇంట్లో ఉన్నవాటితోనే కానుకలు, అలంకరణలు చేసుకోవడం గురించి ఇప్పుడే మాట్లాడుకుందామని వచ్చాను.

నేను హైస్కూల్లో క్రాఫ్ట్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఈ మధ్య నాకు కనిపించిన ప్రతి పదిమందిలో ఇద్దరు ముగ్గురు ఒకే మాట అంటున్నారు. "మేడమ్, ఫోన్లో వీడియో చూసి గోడకు తగిలించేది ఒకటి చేద్దామనుకున్నాం. గ్లూ గన్, దాని కడ్డీలు, గ్లిట్టరు, ఫోమ్ షీట్లు, ప్లాస్టిక్ పూలు కొనేసరికి ఎనిమిది వందలైంది. తయారైంది కొనుక్కుంటే మూడు వందలకే వచ్చేది" అని. నిజమే. అందులో వాడింది పావువంతు, మిగతాది అలమారాలో ఎండిపోతుంది. ఖర్చు తగ్గుతుందని మొదలుపెట్టిన పనిలో మొదటి అడుగే బజారుకు వెళ్లడమైతే ఖర్చు ఎలా తగ్గుతుంది?

అందుకే నా మాట ఒక్కటే. ముందు ఇంట్లో ఏముందో చూడండి. తర్వాత అది ఎవరికిస్తున్నామో, వాళ్లు దేనికి వాడతారో ఆలోచించండి. ఆ తర్వాత మన విశాఖ గాలికి అది నిలుస్తుందా లేదా చూసుకోండి. ఆఖరికి ఇంకేమైనా తక్కువైతే అప్పుడు పూర్ణా మార్కెట్‌కు వెళ్లండి.

ఇది నేను కనిపెట్టింది కాదు. మన అమ్మమ్మలు చేటలు అలకడం మీలో కొందరు చూసే ఉంటారు. కొత్త వెదురు చేట కొనగానే దాన్ని అలా వాడేసేవారు కాదు. పాత కాగితాలు నానబెట్టి, రోట్లో రుబ్బి, మెంతిపిండి కలిపి ఆ గుజ్జు చేటకు రెండు వైపులా పూసి ఎండబెట్టేవారు. సందుల్లోంచి నూకలు జారేవి కావు, చేట ఏళ్ల తరబడి మన్నేది. అదే గుజ్జుతో బుట్టలు, గిన్నెలు కూడా చేసేవారు. అందులో కొన్న వస్తువు మెంతులు ఒక్కటే. ఈరోజు నేను మీకు చేసి చూపించబోయేది అదే.

ఎలా చేయాలో ముందు చెబుతాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. వారం రోజుల దినపత్రికలు తీసుకుని చిన్న ముక్కలుగా చింపండి. కత్తెరతో కత్తిరించొద్దు, చింపితేనే కాగితం నార బయటికొచ్చి ఒకదాన్నొకటి పట్టుకుంటుంది. వేడినీళ్లలో ఒక పగలు, ఒక రాత్రి నాననివ్వండి. నీళ్లు బాగా పోసి కొంచెం కొంచెంగా మిక్సీలో తిప్పండి. ఆ మిక్సీ జార్ వంటకు వాడేది కాకూడదు, పత్రికల సిరా తిండిలోకి రాకూడదు. పాత గుడ్డలో వేసి పిండితే చపాతీ పిండిలాంటి ముద్ద వస్తుంది. మరోపక్క వంద గ్రాముల మెంతులు రాత్రంతా నానబెట్టి మెత్తగా రుబ్బి ఇందులో కలపండి. మెంతుల జిగురే దీనికి బంక. ఆ చేదుకు పురుగు దరిచేరదని కూడా పెద్దవాళ్లు చెబుతారు. తర్వాత ఒక స్టీలు గిన్నె బోర్లించి, దానికి నూనె రాసి, గుజ్జును అర సెంటీమీటరు మందాన చేత్తో అద్దండి. మందం ఎక్కువైతే పైన ఎండి లోపల పచ్చిగా ఉండిపోతుంది. రెండు రోజుల తర్వాత గిన్నె నుంచి విడదీసి, లోపలి వైపు కూడా ఎండకు పెట్టండి. ఆరాక సుద్ద పూత వేసి, జాజు రంగో పసుపో పూసి, ముగ్గుపిండితో వేసినట్టు తెల్లటి గీతలు గీస్తే చాలు. గాజులు, తాళాలు, చిల్లర వేసుకోవడానికి, తాంబూలంలో పండ్లు పెట్టి ఇవ్వడానికి బాగుంటుంది. తడి వస్తువులు మాత్రం వేయకూడదు.

ఈ పనికి మనకు మంచి కాలం ఇదే, ఇప్పటినుంచి మాఘమాసం దాకా. వానల్లో మొదలుపెడితే గుజ్జు ఆరకముందే బూజు పడుతుంది. ఈ సంగతి ఏ వీడియోలోనూ చెప్పరు, ఎందుకంటే ఆ వీడియోలు తీసేవాళ్లు ఎక్కడో పొడిగాలి ఊళ్లో ఉంటారు. మనది సముద్రం ఒడ్డు. గాలిలో తేమ, ఆ తేమలో ఉప్పు. దీన్ని లెక్కలోకి తీసుకోకపోతే చేసిన శ్రమంతా పాడవుతుంది.

నాకు ఒక అనుభవం ఉంది. ఒక ఏడాది పుస్తకంలో చూసి పిల్లలతో మైదా, ఉప్పు, నీళ్లు కలిపిన పిండితో బొమ్మలు చేయించాను. రెండు పాళ్లు మైదా, ఒక పాలు ఉప్పు. ఎండబెడితే రాయిలా గట్టిపడ్డాయి, రంగులేశాం, వరుసగా పేర్చాం. పదిరోజులకే చెమట పట్టినట్టు తడిసి, చేతులు కాళ్లు ఊడిపోయాయి. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది, కారణం అదే. తమ బొమ్మలు ముక్కలై కనిపించినప్పుడు ఆ పిల్లల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తే. అందుకే మన ఊళ్లో ఆ పిండి వద్దంటాను. బొమ్మల కొలువుకు బొమ్మలు చేయించాలంటే బంకమట్టి తెచ్చుకోండి. నీడలో మెల్లగా ఆరనిస్తే పగుళ్లు రావు, మరుసటి ఏటికి కూడా ఉంటాయి.

అలాగే స్టేప్లర్ పిన్నులు, ఇనుప తీగ, గుండుసూదులు. నాలుగు నెలల్లో తుప్పు పట్టి కాగితం మీద, గుడ్డ మీద ఎర్రటి మరకలు వేస్తాయి. వాటి బదులు దారం వాడండి, పురికొస వాడండి. మన ఉత్తరాంధ్రకు గోగునార కొత్త కాదు కదా. ఫెవికాల్ కూడా ఇక్కడ త్వరగా ఆరదు. పల్చగా రాసి, పైన బరువైన పుస్తకం పెట్టి, ఒక రాత్రి వదిలేయండి. తొందరపడితే కాగితం ముడతలు పడుతుంది.

ఇప్పుడు అందరికీ పనికొచ్చే లెక్క ఒకటి చెబుతాను. ప్రతి ఇంట్లో కట్టుకోవడానికి పనికిరాని, పారేయడానికి మనసు రాని చీర ఒకటుంటుంది. చీర పొడవు దాదాపు అయిదున్నర మీటర్లు, వెడల్పు మీటరు పైన పది పదిహేను సెంటీమీటర్లు. తాంబూలం పట్టే తాడు సంచికి 25 సెంటీమీటర్ల వెడల్పు, 55 సెంటీమీటర్ల పొడవు గుడ్డ చాలు. చీర వెడల్పులో రెండు ముక్కలు, పొడవులో 22 ముక్కలు, మొత్తం 44. చిరుగులు, మరకలు తీసేసినా 35 సంచులకు తక్కువ కాదు. ఒక పేరంటానికి సరిపోతాయి. ముక్కను మధ్యకు మడిచి రెండు పక్కలా కుట్టాలి. పైన తాడు దూరేటంత మడత కుట్టేసి, పక్క కుట్టు మొదలయ్యే చోట సందు వదలాలి. మిషను లేనివాళ్లు చేత్తో కుట్టొచ్చు, సూదిని ప్రతిసారీ ఒక కుట్టు వెనక్కి తెచ్చి ముందుకు తీస్తే కుట్టు గట్టిగా ఉంటుంది. చీర అంచు సంచి మూతి దగ్గరికి వచ్చేలా చూసుకుంటే వేరే అలంకారమే అక్కర్లేదు.

మా అమ్మ పోయాక ఆవిడ నేత చీరలు రెండు అలాగే ఉండిపోయాయి. మా మనవడి బారసాలకు ఒకదాన్ని ఇలా సంచులు చేసి, పసుపు, కుంకుమ, పండు పెట్టి ఇచ్చాను. తాళ్లకు, దారానికి నూటయాభై దాటలేదు. ఏడాది తర్వాత ఒక పెళ్లిలో కనిపించినావిడ చేతిలో ఆ సంచి ఉంది, అందులో కళ్లద్దాలు పెట్టుకున్నారు. మా అమ్మ చీర అంచు నాకు దూరం నుంచే తెలిసింది. కానుక అంటే నాకు అలాంటిది కావాలి, వాళ్ల చేతిలో రోజూ తిరిగేది. గాజు పెట్టెలో పెట్టి దుమ్ము దులుపుకునేది ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

సీసాలు కూడా అలాంటివే. జామ్ సీసా, తేనె సీసా ఉంటే వేడినీళ్లలో నానబెట్టి లేబులు తీయండి. మిగిలిన జిగురు కొబ్బరినూనె రుద్దితే పోతుంది. బాగా ఆరాక అందులో మీరు చేసిన కందిపొడో, కరివేపాకు పొడో నింపి, మూతకు చీరముక్క కట్టి ఇవ్వండి. పాత శుభలేఖలు దాచినవాళ్లు వాటి లోపలి తెల్లటి అట్టతో చదివింపుల కవర్లు చేసుకోవచ్చు, ఒక కవరు విప్పి దాన్నే కొలతగా పెట్టుకుంటే చాలు.

ప్లాస్టిక్ సీసాలతో పూలకుండీలు, కర్టెన్లు చేయమని చాలామంది అడుగుతారు. నేను నేర్పను. ఎండకు అది పెళుసెక్కి ముక్కలవుతుంది, ఆ ముక్కలు కాలువలోంచి సముద్రంలోకే పోతాయి. రంగులు వేశాక దాన్ని పాత సామానువాడు కూడా తీసుకోడు. ప్లాస్టిక్ సీసాకు మనం చేయగలిగిన మంచి పని దాన్ని శుభ్రంగా కడిగి వాళ్లకివ్వడమే.

ఇక బీచ్ దగ్గర ఉన్నాం కాబట్టి గవ్వల సంగతి. ఖాళీ చిప్పలు, ఒడ్డుకు కొట్టుకొచ్చినవి మాత్రమే ఏరండి. లోపల ప్రాణం ఉంటే తిరిగి నీళ్లలో వదిలేయండి. కొన్ని రకాల శంఖాలకు, గవ్వలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, కాబట్టి పెద్ద శంఖాలు, అరుదుగా కనిపించేవి ముట్టుకోకండి. మామూలు ఆల్చిప్పలే చాలు. వాటిని పది నిమిషాలు ఉడికించి, బ్రష్షుతో రుద్ది, మూడు రోజులు ఎండలో పెడితే వాసన పోతుంది. ఈ పని చేయకుండా ఫోటో ఫ్రేముకు అతికిస్తే ఇల్లంతా చేపల వాసనే.

మా ఇంట్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన వస్తువు ఒక కొమ్మ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు మా వీధిలో చెట్లు దాదాపు అన్నీ కూలిపోయాయి. మా గేటు ముందు ముప్పై ఏళ్లుగా నీడనిచ్చిన గానుగ చెట్టు కూడా. ముక్కలు కోసి బండికి ఎత్తుతుంటే మూడడుగుల కొమ్మ ఒకటి అడిగి తీసుకున్నాను. బెరడు తీసి, రెండు నెలలు నీడలో ఆరబెట్టి, వేపనూనె రెండు పూతలు పూశాను. ఇత్తడి కొక్కేలు ఆరు బిగించి పురికొసతో హాల్లో వేలాడదీశాను. కొక్కేలకే డబ్బులయ్యాయి. ఇంటి తాళాలు దానికే వేలాడతాయి. ఇంటికి వచ్చినవాళ్లు ఇది ఎక్కడ కొన్నారని అడుగుతారు, నేను ఆ చెట్టు గురించి చెబుతాను.

పుట్టినరోజులు, కలయికలు డాబా మీద పెట్టుకుంటున్నారు ఈ మధ్య. ఒక మాట గుర్తుంచుకోండి. అలంకరణకు వాడే థర్మాకోల్, బెలూన్లకు పెట్టే ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ జెండాలు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. అవి లేకపోతే ఏం కొరత? లేత కొబ్బరాకుతో చిలకలు అల్లడం మన పందిళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. పాత వోణీలు నాలుగు వెనక కడితే ఫోటోలకు అందంగా ఉంటుంది. కాకపోతే సాయంత్రం సముద్రం గాలి డాబా మీద గట్టిగా వీస్తుంది, కింది అంచుకు గులకరాళ్లు కట్టి కుట్టండి. పాడేరు వైపు నుంచి వచ్చే అడ్డాకుల విస్తళ్లు తెచ్చుకుంటే ప్లేట్ల బెంగ ఉండదు, ఆ డబ్బు ఆకు కోసి కుట్టిన గిరిజన కుటుంబాల దాకా వెళ్తుంది.

ఇంకో విషయం. నలభై సంచులు ఒక్కరే కుట్టాలంటే టెన్షన్ వస్తుంది. మన టైమ్‌కు కూడా విలువ ఉంది, దాన్ని లెక్కలో వేయకుండా ఇది చవక అనకూడదు. అందుకే పండుగకు రెండు వారాల ముందు నలుగురిని పిలవండి. ఒకరు కత్తిరిస్తారు, ఒకరు కుడతారు, ఒకరు తాడు దూరుస్తారు, పిల్లలు లెక్కపెడతారు. టీ, బజ్జీలు చేస్తే అదే ఒక కలయిక.

అన్నీ మనమే చేయాలని మాత్రం నేను అనను. ఎలమంచిలి దగ్గర, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడ బొమ్మలు చేసేవాళ్లు అంకుడు కర్రను తరిణి మీద, అంటే కర్రను గిర్రున తిప్పే యంత్రం మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తారు, ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు కర్రకు పట్టుకుంటుంది. చెట్ల గింజలు, బెరడు, వేళ్ల నుంచి తీసిన రంగులు వాడతారు. ఆ బొమ్మలకు 2017లో జీఐ, అంటే ఆ ఊరి ప్రత్యేకతకు ఇచ్చే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ప్రకృతి రంగుల కోసం ఏళ్ల తరబడి పాటుపడిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ నునుపు మనం ఇంట్లో తీసుకురాలేం, తీసుకురావాలని ప్రయత్నించనూ అక్కర్లేదు. చంటిపిల్లకు గిలక్కాయ ఇవ్వాలంటే అక్కడిది కొనండి, బేరమాడకుండా కొనండి. సంచులు, కవర్లు మనం కుట్టుకుని మిగిల్చిన డబ్బు ఇలాంటి చోట ఖర్చు పెట్టడం నాకు ఇష్టం.

సరే, గుజ్జు నిన్ననే నానబెట్టి తెచ్చాను, మెంతిపిండి ఆ స్టీలు డబ్బాలో ఉంది. గిన్నెలు తెచ్చుకున్నవాళ్లు ఇటు వచ్చి నూనె రాసుకోండి. తేనివాళ్లకు నా దగ్గర పన్నెండు ఉన్నాయి. గాజులు, ఉంగరాలు తీసి జాగ్రత్త చేసుకోండమ్మా, మెంతి జిగురు గాజుల సందుల్లోకి వెళ్తే త్వరగా వదలదు.