శివారు మడి దాకా

శ్రోతలకు నమస్కారం.

తలపెట్టిన పనికి ఒక పేరు పెట్టుకోవడం తేలిక. ఆ పని ఎవరి కోసమో, ఏది జరిగితే అది పూర్తయినట్టో తేల్చుకోవడమే కష్టం. మన ఊళ్లలో నీటి సంఘానికి ఎన్నికైన పెద్ద "కాలువలు బాగు చేయిస్తాను" అంటారు. మంచి మాటే గాని, పని ఎక్కడ మొదలుపెట్టాలో ఆ మాట చెప్పదు. అదే పెద్ద "దాళ్వాలో, అంటే రెండో పంటకాలంలో, శివారు చివరి మడికి వంతు రోజున నీరు అందాలి" అని నిశ్చయించుకుంటే పనుల వరుసే మారిపోతుంది. అప్పుడు ముందుగా శివారు నుంచి కాలువ గట్టు వెంట ఎదురు నడిచి, గుర్రపుడెక్క ఎక్కడ అల్లుకుపోయిందో, ఏ తూము తలుపు సగంలో బిగుసుకుపోయిందో, ఏ బోదెకు, అంటే పొలాల్లోకి నీరు తీసుకెళ్లే పిల్లకాలువకు, ఎవరు అడ్డుకట్ట వేశారో చూడవలసి వస్తుంది. చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలన్న తగాదా కూడా చాలావరకు తగ్గుతుంది.

మన గోదావరి డెల్టాకు ప్రాణం పోసిన ఆనకట్టనే చూడండి. 1833 నాటి కరువుతోనూ, 1839 నాటి ఉప్పెనతోనూ చితికిపోయిన ఈ సీమలో, ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ 1847లో పని మొదలుపెట్టారు. గోదావరిని బంధించి నిలవ చేయాలన్నది ఆయన ఉద్దేశం కాదు; ఊరికే సముద్రంలో కలిసిపోయే నీరు కాలువల్లోకి ఎక్కితే చాలు. అందుకే ఆనకట్టను తక్కువ ఎత్తులో, వరద దాని మీదుగా పొర్లిపోయేటట్టు, నడుమ ఉన్న లంకలను ఆధారం చేసుకుని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా కట్టించారు. ఇందులో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసేది మరొకటి ఉంది. పని నడుస్తుండగానే, 1848లో, ఆరోగ్యం చెడి కాటన్ ఆస్ట్రేలియా వెళ్లవలసి వచ్చింది. ఆర్ అనే కెప్టెన్ ఆ బాధ్యత అందుకున్నారు. కూలీలను కూడగట్టి నడిపించడానికి వీణెం వీరన్న వంటి మనవాళ్లు ఉన్నారు. కాటన్ 1850లో తిరిగి వచ్చారు, 1852లో ఆనకట్ట పూర్తయింది. పెద్ద దగ్గర లేని కాలంలోనూ పని దారి తప్పలేదంటే, అది ఎందుకోసమో చేసేవాళ్లందరికీ తెలిసి ఉండాలి. నాయకత్వానికి ఇంతకంటే గట్టి పరీక్ష నాకు కనబడదు.

అధికారమూ, ఇంజనీరింగూ లేనివారికి కూడా ఈ స్పష్టత ఎలా అబ్బుతుందో చెప్పడానికి కోనసీమలోనే డొక్కా సీతమ్మగారు ఉన్నారు. లంకల గన్నవరంలో ఆ తల్లి ఏ వేళ ఎవరు వచ్చినా కులం అడగకుండా అన్నం పెట్టేవారు. ఒకసారి ఆమె అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకిలో బయలుదేరారట. దారిలో ఆగినచోట, ఆకలికి ఏడుస్తున్న పిల్లలను పెద్దవాళ్లు "కాసేపు ఓర్చుకోండి, సీతమ్మగారింటికి వెళితే అన్నం దొరుకుతుంది" అని ఊరడించడం ఆమె చెవిన పడింది. వెంటనే పల్లకిని వెనక్కి తిప్పించి, వాళ్లకంటే ముందు ఇల్లు చేరి వంట చేయించారని ఇప్పటికీ చెప్పుకుంటారు. స్వామి దర్శనం ఆమెకు చిన్న విషయమేమీ కాదు. అయినా తాను ఎందుకు బతుకుతున్నదో అంత బాగా తెలిసిన మనిషికి ఆ క్షణంలో తర్జనభర్జన అవసరం పడలేదు. రెండు మంచి పనులు ఒకేసారి ఎదురైనప్పుడే మన ఉద్దేశం ఎంత తేటగా ఉందో బయటపడుతుంది.

మన ఇళ్లలోకి వద్దాం. పక్క చేనులో రొయ్యల చెరువు తవ్వారు. మన రెండెకరాలు కూడా తవ్వుదామా అన్న మాట రాత్రి భోజనాల దగ్గర వస్తుంది. సాధారణంగా చర్చంతా చెరువుకు ఎంత మిగులుతుంది, వరికి ఎంత మిగులుతుంది అన్న లెక్కల మీదే నడుస్తుంది. ఆ రెండెకరాలు ఈ ఇంటికి ఏమి చేసిపెట్టాలన్న మాట అంతకుముందే తేలాలి. రెండేళ్లలో అప్పు తీర్చడమే ముఖ్యమైతే ఒక లెక్క; పిల్లల చేతికి సారం చెడని భూమి అప్పగించడం ముఖ్యమైతే, ఉప్పునీటితో నేల చవుడు తేలే ప్రమాదమూ, పక్కవాడి వరిచేనుకూ మంచినీటి బావికీ జరగబోయే నష్టమూ అదే లెక్కలోకి వస్తాయి. ఆ మాట ఇంటి ఆడవాళ్లు, చదువుకుంటున్న పిల్లలు కూడా కూర్చుని ఉండగా తేల్చుకోవడం మేలు, ఎందుకంటే ఆ నేల మీద రేపు బతకవలసింది వాళ్లే.

సెలవు.