తలుపు దగ్గర తేలే లెక్క

శ్రోతలందరికీ నమస్కారం.

నేను మొట్టమొదట చేసిన చెక్క అల్మరా ఇప్పటికీ నా పనిగదిలోనే ఉంది. రెండడుగుల ఎత్తు, అడుగుంపావు వెడల్పు. ఉలులూ రంపాలూ దాచుకుందామని చేశాను. ఎండలు ముదిరితే దాని తలుపు అంచున గోరు దూరేంత సందు కనబడుతుంది. వానలు పట్టుకున్నాయంటే అదే తలుపు పెట్టెకు కరుచుకుపోయి రెండు చేతులా లాగితే గానీ రాదు.

అది బిగుసుకుపోయిన మొదటి వానాకాలంలో నాకు తోచిన వైద్యం ఒక్కటే. చిత్రిక తీసుకుని తలుపు అంచు నాలుగు పట్లు పట్టాను. హాయిగా మూసుకుంది. మీసం మెలేసుకున్నాను. ఎండలు రాగానే చూద్దును కదా, ఆ సందులోంచి లోపలున్న సుత్తి కనిపిస్తోంది!

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. అన్నవాళ్లు వడ్రంగులైతే తలుపు బిగించి చూడు అని కూడా కలిపి ఉండేవారు. పెట్టె కొంచెం మూల తప్పినా, చెక్క సరిగా ఆరకపోయినా, కొలత ఒక గీత అటూఇటూ అయినా అప్పటికప్పుడు ఎవరికీ తెలియదు. అన్నీ కలిసి తలుపు దగ్గర బయటపడతాయి. అందుకే ఇవాళ ఇంట్లో చిన్న అల్మరా చేసుకోవాలనుకునే వాళ్లకు నేను మొదటి పలక కోయడం దగ్గర్నుంచీ తలుపును దృష్టిలో పెట్టుకునే మాట్లాడతాను.

ముందు చెక్క సంగతి. గుప్పెడు రెల్లుపుల్లలు కట్టకట్టి పట్టుకున్నారనుకోండి. చెక్క లోపల అల్లిక దాదాపు అలాంటిదే. సన్నని గొట్టాలు చెట్టు పొడవునా పక్కపక్కన అతుక్కుని ఉంటాయి. గాలిలో తేమ పెరిగితే ఆ గొట్టాల గోడలు నీటిని పట్టుకుని ఉబ్బుతాయి, తేమ తగ్గితే వదిలేసి ముడుచుకుంటాయి. గొట్టం లావెక్కుతుంది, చిక్కుతుంది గానీ పొడవు మాత్రం మారీ మారనట్టే ఉంటుంది. పచ్చి చెక్క పూర్తిగా ఆరేసరికి పొడవులో తరుగు వెయ్యింట ఒకటీ రెండు వంతులే. అడ్డంగా అలా కాదు. చాలా రకాల కలపలో, మాను అడ్డంగా కోస్తే కనిపించే వలయాల వెంబడి తరుగు నూటికి ఎనిమిది దాకా ఉంటుంది. చెట్టు నడిమి నుంచి బెరడు వైపు కొలిస్తే అందులో సుమారు సగం. టేకుకు ఇంత పేరు రావడానికి దాని చేవ ఒక కారణమైతే, ఈ తరుగు తక్కువగా ఉండడం ఇంకో కారణం. వలయాల వెంబడి నూటికి ఆరు లోపే, నడిమి నుంచి బెరడు వైపు రెండున్నర.

శాతాలు రేడియోలో వింటే గాలికి పోతాయి కాబట్టి ఒక పలక మీద చెబుతాను. 300 మిల్లీమీటర్ల వెడల్పున్న మామూలు పలక తీసుకోండి. ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య దానిలో తేమ నాలుగు శాతం మారిందంటే, ఆ పలక వెడల్పు దాదాపు మూడు మిల్లీమీటర్లు మారుతుంది. నా తలుపు సరిగ్గా అలాంటి ఒంటి పలక. నేను రెండు మిల్లీమీటర్ల సందు ఇచ్చి అది చాలా ఎక్కువేమో అని బెంగపడ్డాను కూడా.

చెక్క తెచ్చిన రోజే రంపం పెట్టకండి. అల్మరా ఏ గదిలో ఉండబోతోందో ఆ గదిలోనే, పలకల మధ్య సన్నని పుల్లలు పెట్టి ఒకదానిమీద ఒకటి పేర్చి, వారం పది రోజులు వదిలెయ్యండి. గాలి అన్ని వైపులా తగలాలి. వంగాల్సిన పలక అప్పుడే వంగుతుంది. అల్మరాలో బిగించాక వంగడం కన్నా అది నయం. పలక చివర చూస్తే వలయాలు విల్లులా కనిపిస్తాయి. ఆరేకొద్దీ ఆ విల్లు నిటారు కావాలని చూస్తుంది, పలక ఎదురు దిక్కుకు దోనెలా వంగుతుంది. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు గానీ, మానై కోతపడ్డాక కూడా వంగుతూనే ఉంటుంది సుమండీ.

ఈ తంటా అంతా ఎందుకు, ప్లైవుడ్ వాడితే పోలేదా అంటారు. పెట్టెకు వాడండి, నేనూ వాడతాను. పొరల్ని ఒకదానికి అడ్డంగా ఇంకొకటి అతికిస్తారు కనుక ఒక పొర ఉబ్బబోతే పక్క పొర పట్టి ఆపుతుంది. ఈ ఉపాయం నిన్న మొన్నటిది కాదు. ఈజిప్టులో సక్కారా మెట్ల పిరమిడ్ కింద ఆరు పొరల చెక్కతో చేసిన శవపేటిక దొరికింది, 4,500 ఏళ్లకు పైబడిన పని. అయితే ఒక హెచ్చరిక. 18 మిల్లీమీటర్లని అమ్మే ప్లైవుడ్ కొలిస్తే చాలాసార్లు 18 ఉండదు, కాస్త తక్కువ తేలుతుంది. గాడి తీసేముందు మీ చేతిలో ఉన్న పలక మందం ఎంతో చూసుకోండి.

ఇక పెట్టె. మిల్లీమీటర్లలో 600 ఎత్తు, 400 వెడల్పు, 200 లోతు అనుకుందాం. మొదటిసారి నేను చేసిన తప్పు ఏమిటంటే, కాగితం మీద బొమ్మ గీసుకుని, అన్ని ముక్కల కొలతలూ పట్టీగా రాసుకుని, ఒక్క ఉదయంలో అన్నీ కోసేశాను. చూడ్డానికి భలే ఉంది. జోడించబోతే మధ్య అర మూడు మిల్లీమీటర్లు పొట్టి. ఎందుకంటే రంపపు పళ్లు తినే చెక్క లెక్కలోకి రాలేదు. కరెంటు రంపం బిళ్ల ప్రతి కోతకూ సుమారు మూడు మిల్లీమీటర్లు పొట్టు చేసి పారేస్తుంది. గీత మీద కోస్తే సగం మీ ముక్కలోంచి పోతుంది. గీత అవతల, పారేసే వైపు కోయాలి.

అప్పటినుంచీ నా పద్ధతి మార్చుకున్నాను. పక్క పలకలు రెండూ ఒకేసారి, ఒకే అడ్డు పెట్టి కోస్తాను. 600 అన్నది 599 అయినా నాకు దిగుల్లేదు, రెండూ ఒక్కలా ఉంటే చాలు. పైదీ కిందదీ కూడా అంతే. అర మాత్రం అప్పుడే కోయను. పెట్టె జిగురు లేకుండా ఉత్తినే నిలబెట్టి, అర పలకనే తెచ్చి ఆనించి, ఎక్కడికి రావాలో అక్కడ చాకుమొనతో గీత పెడతాను. టేపుకు ఆ పనిలో చోటే లేదు. పెన్సిల్ గీతకు మందం ఉంటుంది, టేపు కొక్కెం అటూఇటూ కదులుతుంది, మన కన్ను పక్కనించి చూస్తుంది. మూడూ కలిస్తే ఒక మిల్లీమీటరు ఎటుపోయిందో దేవుడికే తెలియాలి.

మూలలు ఎలా కలపాలన్నది వడ్రంగులు పొద్దుపోయేదాకా వాదించుకునే విషయం. గట్టి చెక్క అయితే పావురం తోక ఆకారంలో పళ్లు కోసి ఒకదాంట్లో ఒకటి దూర్చడం అందమూ, బలమూ. కానీ మొదటి అల్మరాకు అది పెట్టుకోకండి, ఆరంభశూరత్వం అవుతుంది. ప్లైవుడ్ పెట్టెకు పక్క పలక అంచున మెట్టులా చెక్కి, అందులో పైపలకను కూర్చోబెట్టి, జిగురుతో పాటు నాలుగు స్క్రూలు బిగిస్తే మీ జీవితకాలం ఉంటుంది. స్క్రూ వేసే ముందు సన్నని బెజ్జం వేసుకోవడం మరచిపోవద్దు, లేకపోతే అంచు చీలుతుంది.

జిగురు రాసేముందు ఒకసారి అంతా ఉత్తినే జోడించి, పలకల్ని నొక్కి పట్టే క్లాంపులు కూడా బిగించి చూడండి. ఇది విసుగు పుట్టించే పని, నేనూ ఎగ్గొట్టేవాణ్ని. తెల్ల జిగురు రాశాక మీ చేతిలో ఉండేది ఐదు పది నిమిషాలు. అప్పుడు క్లాంపు అందలేదనో, పలక తిరగబడిందనో తెలిస్తే, ఆ నిమిషాల్లో ఇంట్లో ఎవర్ని కేకేసినా లాభం ఉండదు.

బిగించిన వెంటనే మూలమట్టం కన్నా ముందు టేపు తీయండి. ఈ ఒక్కచోట దానితో పని ఉంది. పెట్టెను ఐమూలగా ఒక కొన నుంచి ఎదురు కొనకు కొలవండి, మళ్లీ రెండో ఐమూల కొలవండి. 600, 400 పెట్టెకు రెండూ 721 రావాలి. ఒకటి 723, ఒకటి 719 వచ్చిందంటే పెట్టె ఒరిగిందన్నమాట. ఎక్కువున్న ఐమూల మీద క్లాంపు వేసి నెమ్మదిగా నొక్కితే దారికొస్తుంది. జిగురు పచ్చిగా ఉన్నప్పుడే చేయాలి. ఆరాక చేసేదేమీ లేదు, తలుపు చెబుతుంది మిగతా కథ. సరైన మూలను ఎప్పటికీ పట్టి ఉంచేది వెనక పలక. ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను మూలమట్టంగా కోసి వెనక బిగిస్తే పెట్టె ఇక ఒరగదు.

కారిన జిగురును తడిగుడ్డతో తుడవాలని చెయ్యి లాగుతుంది. తుడిస్తే పలచబడి చెక్క రంధ్రాల్లోకి ఇంకుతుంది, తర్వాత పాలిష్ పట్టనప్పుడు తెల్లమచ్చగా తేలుతుంది. అరగంట ఆగండి, రబ్బరులా గట్టిపడ్డాక ఉలితో గీకితే తొక్కలా లేచొస్తుంది.

అర గురించి ఒక్క మాట. 400 వెడల్పు అల్మరాలో అర వంగదు. చూడబోతే బాగుంది కదా అని ఎవరైనా 800 వెడల్పు చేసి, అదే మందం అర పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరదాకా పుస్తకాలు నింపారనుకోండి. వంపు రెట్టింపు కాదు, 16 రెట్లు అవుతుంది. అదే అర మందం రెట్టింపు చేస్తే వంపు ఎనిమిదో వంతుకు దిగుతుంది. మధ్యలో ఒక నిలువు పలక నిలబెడితే పొడవే సగమవుతుంది, అన్నిటికన్నా చవకైన ఉపాయం అదే.

ఇప్పుడు మన తలుపు. ఒంటి పలకతో తలుపు చేయడం తెలివితక్కువ అని నా అనుభవం చెప్పింది గానీ, వడ్రంగులు శతాబ్దాల కిందటే ఆ సంగతి కనిపెట్టి చట్రం కట్టడం మొదలుపెట్టారు. రెండు నిలువు పట్టీలు, రెండు అడ్డపట్టీలు. అడ్డపట్టీ చివర కుసి, అంటే నాలుకలాంటి మొన, తీసి, నిలువు పట్టీలో దొలిచిన బెజ్జంలోకి దించి జిగురు పెడతారు. ఆ నాలుగు పట్టీల లోపలి అంచున గాడి. ఆ గాడిలో పలుచని నడిమి పలక కూర్చుంటుంది.

కిటుకంతా ఇక్కడుంది. నడిమి పలకకు జిగురు పెట్టకూడదు. గాడిలో అటూఇటూ రెండేసి మిల్లీమీటర్లు ఖాళీ ఉంచాలి. వానొస్తే పలక గాడిలోపల ఉబ్బుతుంది, ఎండొస్తే లోపలే ముడుచుకుంటుంది. ఇక బయటి వెడల్పు మార్చగలిగేవి నిలువు పట్టీలు రెండే. ఒక్కోటి 50 మిల్లీమీటర్లు. ఒంటి పలక మూడు మిల్లీమీటర్లు జరిగేచోట ఇవి రెండూ కలిసి ఒక్కటే జరుగుతాయి. తలుపు ఎత్తు పట్టీల పొడవు గనక అది మారనే మారదు.

నడిమి పలకకు పాలిష్ చట్రంలో పెట్టకముందే పూర్తి చేయండి, రెండు వైపులా సమానంగా. నేను బిగించాక వేశాను ఒకసారి. ఎండాకాలం పలక ముడుచుకోగానే గాడిలోంచి పాలిష్ తగలని తెల్లగీత బయటికొచ్చి కూర్చుంది. ఒక వైపే పాలిష్ వేసినా తిప్పలే. రెండో వైపు తేమను ఎక్కువ తాగి పలక వంగుతుంది.

తలుపు బిగించేటప్పుడు చుట్టూ రెండు మిల్లీమీటర్ల సందు కావాలి. కొలవక్కర్లేదు, అంత మందం వచ్చేలా అట్టముక్కలు మడిచి నాలుగు వైపులా దూర్చండి, తలుపు దానంతటదే నిలబడుతుంది. బందుకు ముందు ఒక్కొక్క స్క్రూయే వేసి తలుపు తీసి మూసి చూసుకోండి. తేడా వస్తే రెండో బెజ్జం మీ చేతిలో ఉంటుంది. ఇత్తడి స్క్రూలైతే ముందు అదే కొలత ఇనుప స్క్రూతో దారి చేసి, దాన్ని తీసేసి, ఇత్తడిదానికి కాస్త సబ్బు రాసి ఎక్కించండి. లేదంటే తల పుటుక్కున ఊడి చేతిలోకొస్తుంది, మొండెం చెక్కలో ఉండిపోతుంది.

గరుకు కాగితం పని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి 120, 180 మీదుగా 220 దాకా, ఎప్పుడూ నార వెంబడే. ముక్కుకు మాస్కు లేకుండా మాత్రం ఆ పని చేయకండి. చెక్క పొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే క్యాన్సర్ కారకాల మొదటి వరుసలో చేర్చింది. అవిసె నూనె రాసిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయవద్దు కూడా. ఆరుతూ వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విడదీసి ఆరుబయట ఆరేయండి.

రెండో అల్మరా ఇలాగే చేశాను. గోడకు తగిలించడానికి ఒక పట్టీని పొడుగునా 45 డిగ్రీల వాలుగా చీల్చి, సగం గోడకు, సగం అల్మరా వీపుకు బిగించాను. ఎత్తి పైనుంచి దించితే బరువుకే బిగుసుకుంటుంది. తగిలించి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుంటున్నాను. తలుపు నెమ్మదిగా, ఎవరూ ముట్టుకోకుండానే, దానంతటదే తెరుచుకుంది.

మళ్లీ ఐమూలలు కొలిచాను, సరిగానే ఉన్నాయి. బందులు చూశాను, గట్టిగానే ఉన్నాయి. తూకపు దారం తెచ్చి గోడ మీద వదిలితే అప్పుడు తెలిసింది, గోడే కింద నుంచి పైకి వచ్చేసరికి వేలెడు ముందుకొచ్చింది. అల్మరా వెనక కింద ఒక మూల సన్నని చెక్కబిళ్ల దోపాను. తలుపు ఆగింది.

సెలవు, నమస్కారం.