నల్లగొండ డాబా మీద లావెండర్

నమస్తే అండి. ఇదిగో, ఈ ఆకును రెండు వేళ్ల మధ్య ఇలా నలిపితే... అబ్బ! వాసన వీడియోలో పంపే వీలుంటే బాగుండేది. మా డాబా మీద పెరిగిన లావెండరే ఇది.

కొనేటప్పుడే జాగ్రత్త పడాలి. ఇంగ్లిష్ లావెండర్ చలి ప్రాంతాల మొక్క. జమ్మూలో డోడా, భదర్వా వైపు రైతులు పొలాల్లో వేస్తారు. మనకేమో మే నెలలో 44 డిగ్రీలు, దానికి కష్టం. ఆకు అంచు చూడండి, రంపం పళ్లలా ఉంది కదా? దీన్ని ఫ్రెంచ్ లావెండర్, డెంటాటా అంటారు. వాసనలో కాస్త కర్పూరం కలిసినట్టుంటుంది గానీ మన దగ్గర బతికే రకం ఇదే. విత్తనాలతో తిప్పలు పడకండి, మొక్కే తెచ్చుకోండి.

నేను మొదటిసారి జూన్‌లో తెచ్చాను. మా అత్తమ్మ పొద్దున్నే తులసికి పోస్తూ దీనికీ చెంబెడు పోసేది. పాపం, చుట్టరికం చూస్తే ఆమె చేసింది సబబే, తులసి, పుదీనా, లావెండర్ ఒకే కుటుంబం. పైనుంచి ముసురు. ఆకులు వాలిపోతుంటే నీళ్లు చాలట్లేదనుకుని నేనింకో మగ్గు పోశాను! చివరికి పీకి చూస్తే వేరు పైతొక్క జారిపోయి చేతిలో దారంలా మిగిలింది. ఒకటే కుళ్లు వాసన.

అందుకే ఈసారి వానలు వెళ్లాక, అక్టోబర్ చివర్లో పెట్టాను. పది అంగుళాల మట్టి కుండీ. రెండు పాళ్లు ఎర్ర చెలక మట్టి, రెండు పాళ్లు దొడ్డు ఇసుక, ఒక పాలు సన్న కంకర, గుప్పెడు వర్మీకంపోస్ట్. అంతే, ఎరువు ఎక్కువైతే ఆకే పెరుగుతుంది, పువ్వు రాదు. నల్లరేగడి అసలే వద్దు. నర్సరీ వాళ్లు కోకోపీట్‌లో, అంటే కొబ్బరి పీచు పొట్టులో పెట్టి ఇస్తారు, అది నీళ్లు పట్టి ఉంచుతుంది, వేరు తెగకుండా మెల్లగా దులిపేయండి. ఇప్పుడు మగ్గు నీళ్లు పోస్తున్నా... చూశారా, కింది చిల్లులోంచి వెంటనే కారుతున్నాయి. ఇలా కారకపోతే ఇంకాస్త ఇసుక కలపండి.

మన బోరు నీళ్లలో సున్నం ఉంటుందని భయపడకండి, దానికి ఇబ్బంది లేదు. ఉప్పు నీళ్లయితే మాత్రం వద్దు.

మళ్లీ ఎప్పుడు పోయాలి? వేలు రెండు కణుపుల దాకా గుచ్చండి, తడి తగిలితే ఆగండి. నేనైతే కుండీ ఎత్తి చూస్తాను, తేలిగ్గా ఉంటేనే పోస్తాను. చలికాలం రోజంతా ఎండలోనే ఉంచండి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దుటి ఎండ చాలు, పది దాటాక నీడకు జరపండి. వానాకాలం సజ్జా కింద, గాలి ఆడేచోట పెట్టండి.

పూత అయిపోయాక పచ్చటి కొమ్మల్ని మూడో వంతు కత్తిరించండి. ఆకుల్లేని ముదురు కట్టె దాకా కోస్తే మళ్లీ చిగురు రాదు. కోసిన వాటిలో పువ్వు లేని కొమ్మ, నాలుగు అంగుళాలది, కింది ఆకులు గిల్లి తడి ఇసుకలో గుచ్చండి. ఇదిగో, నా రెండో కుండీ అలా వచ్చిందే. దీన్ని తులసికోటకు దూరంగా, మెట్ల పక్కన పెట్టాను. అత్తమ్మ చెంబు ఇంతదాకా రాదు.